పెల్లెట్ స్టవ్ వేడి తగ్గితే

పెల్లెట్ స్టవ్ గదిని వెచ్చబెట్టే పొయ్యి. అమెరికా, ఇటలీ వంటి దేశాల్లో చలికాలంలో దీన్ని వాడతారు. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలే దీనికి ఇంధనం. తిరిగే మర ఒకటి వాటిని కొద్దికొద్దిగా మంట గిన్నెలో వేస్తుంది. ఒక ఫ్యాను మంటకు గాలి అందిస్తుంది. ఇంకో ఫ్యాను వేడిని గదిలోకి నెడుతుంది.

వేడి చాలడం లేదా? మొదట చూడవలసింది బూడిద. స్టవ్ ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, ప్లగ్గు తీసి చూడాలి. మంట గిన్నెకు చిన్న రంధ్రాలుంటాయి. బూడిద గడ్డకట్టి అవి మూసుకుపోతే మంటకు గాలి ఆడదు. అప్పుడు మంట ఎర్రగా, మందకొడిగా, పొగచూరుతూ ఊగుతుంది. గాలి బాగా అందితే పసుపుపచ్చగా, చురుగ్గా లేస్తుంది.

మంట బాగానే ఉంది, గది మాత్రం వెచ్చబడటం లేదు. అప్పుడూ చాలాసార్లు కారణం బూడిదే. వేడిని గదికి అందించే గొట్టాల మీద పేరుకున్న బూడిద దుప్పటిలా అడ్డుపడుతుంది. వేడి గదిలోకి రాదు, పొగగొట్టం దారి పడుతుంది. గది ఫ్యానుకు పట్టిన దుమ్ము కూడా ఇంతే చేటు.

తరవాత గుళికలు. తేమ తగిలితే అవి ఉబ్బి పొడిపొడి అవుతాయి, సరిగా మండవు. తేమ లేని చోటనే నిలవ ఉంచాలి.

స్టవ్ తలుపు సీలు కూడా చూడాలి. దానికి తేలికైన పరీక్ష ఉంది. కాగితం ముక్క పెట్టి తలుపు మూయాలి. లాగగానే జారి వస్తే సీలు అరిగినట్టే.

పొగ గదిలోకి వస్తుంటే మాత్రం సొంత మరమ్మతు వద్దు. అది ప్రాణాపాయం. స్టవ్ ఆపి మెకానిక్‌ను పిలవాలి.

తీసిన బూడిదను మూత ఉన్న ఇనుప డబ్బాలో, ఇంటి బయట ఉంచాలి. అందులో నిప్పు కణికలు దాగి ఉండొచ్చు.