బ్రాకెట్టులో మొదటి మాట
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సాయంత్రపు కంప్యూటరు తరగతిలో టైపింగు నేర్పితే చాలదా, ఈ బ్రాకెట్ల చదువు దేనికని కొందరు పెద్దలు అడిగారు. మీరిచ్చిన సొమ్ముకు లెక్క అడిగే హక్కు మీకుంది కనుక జవాబు చెబుతాను.

ఫోటోలు దిద్దే గింప్ అనే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుంది. దానికి ఆజ్ఞలు రాసి ఇవ్వడానికి అందులోనే స్క్రిప్ట్-ఫూ అనే సౌకర్యం ఉంది. అది స్కీమ్ భాషలో నడుస్తుంది. స్కీమ్ లిస్ప్ కుటుంబంలోది. లిస్ప్‌కు 1958లో అమెరికాలో జాన్ మెకార్తీ పునాది వేశారు.

ఇందులో 2 + 3 అని రాయకూడదు, (+ 2 3) అని రాయాలి. బ్రాకెట్టు తెరవగానే చేయవలసిన పని పేరు, తరువాత ఆ పనికి కావలసినవి. మధ్యలో కామాలుండవు, ఖాళీలే. తెలుగులోను, ఉర్దూలోను క్రియ వాక్యం చివర వస్తుంది. అరబీ వ్యాకరణం చదివిన పిల్లలకు మాత్రం క్రియతో మొదలయ్యే వాక్యం కొత్త కాదు. వారికి ఈ వరుస చెప్పడం సులువు.

బ్రాకెట్టులో బ్రాకెట్టు ఉంటే లోపలిది ముందు. (* (+ 2 3) 4) అంటే లోపల 5, మొత్తం 20. లెక్కల నోటుబుక్కులో 5 అని రాసినా (5) అని రాసినా ఒకటే. ఇక్కడ (5) అంటే ‘5 అనే పని చెయ్యి’ అని అర్థం. అలాంటి పని లేదు కనుక యంత్రం తప్పు చూపిస్తుంది.

యంత్రం చూపని తప్పు కూడా ఉంది. ఫోటో కొలత మార్చే ఆజ్ఞలో ముందు వెడల్పు, తరువాత ఎత్తు చెప్పాలి. అవి తారుమారైనా ఆజ్ఞ నడుస్తుంది, మనిషి ముఖం మాత్రం సాగిపోతుంది. అందుకే రాసినదాన్ని సరిచూసుకునే అలవాటు పిల్లలకు ఇక్కడ తప్పనిసరి.

పెళ్లి ఫోటోలు 200 ఒకే కొలతకు తేవాలంటే మౌసుతో 200 సార్లు అదే పని. ఆజ్ఞను ఒక్కసారి సరిగా రాస్తే మిగతాది యంత్రం చూసుకుంటుంది. స్టూడియోలోనైనా ప్రింటింగ్ ప్రెస్సులోనైనా ఆ ఆజ్ఞ రాయగలవారికి విలువ వేరు.

సాఫ్ట్‌వేరుకు పైసా అక్కరలేదు. కావలసింది పక్కన కూర్చుని బ్రాకెట్టు ఎక్కడ మూయాలో చూపే మాస్టారు. కొత్త కంప్యూటరు ఒకటి తగ్గినా సర్దుకుంటాం, ఆయన జీతం మాత్రం ఏడాది పొడవునా ఆగకుండా చూడండి. ఇక్కడ నేర్చిన పిల్ల రేపు మరొకరికి నేర్పితే, ఇన్‌షా అల్లాహ్, అది మీకు సదఖా జారియా అవుతుంది.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.