‘మొద్దు’ అని తీర్పు చెప్పిందెవరు?

(ధర్పల్లిలో తల్లిదండ్రులు, కార్యకర్తలు కూర్చున్న సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మన వాడల్లో ఒక మాట బాగా తిరుగుతుంది. ‘మావోనికి చదువు అబ్బలేదు సార్’ అని. తల్లి అంటది. మస్కట్ నుంచి ఫోన్ల తండ్రి అంటడు. బడిల పంతులు అంటడు. ఆఖరుకు ఆ పిలగాడే అంటడు. ఎనిమిదో తరగతిల కూర్చున్నోడు మూడో తరగతి వాచకాన్ని కూడబలుక్కుంట చదువుతడు. పదో తరగతి దాటకముందే సెంట్రింగ్ పనికో, ఇటుక బట్టీకో పోతడు. వయసు రాంగనే పాస్‌పోర్టు తీసుకొని గల్ఫుకు పోతడు. ఆడపిల్లయితే చాట ముందర కూర్చుంటది. ఎవరూ వెళ్లగొట్టలేదు కాబట్టి ఎవరి మీదా కేసు ఉండదు. ఈ ఒక్క మాట గురించే ఇయ్యాల మాట్లాడుదామనుకుంటున్న.

మొదలు ఒక సంగతి తేల్చుకుందాం. చదవలేని పిల్లలందరికీ కారణం ఒకటే కాదు. చెప్పకపోతే చదువు రాదు. ఐదు తరగతులకు ఒక్క సారు ఉంటే, ఆ సారుకు సర్వేల డ్యూటీ, ఓట్ల డ్యూటీ ఉంటే, పిల్లలకు అక్షరం ఎప్పుడు వస్తది? తల్లిదండ్రులు పనికి ఊరిడిచి పోతే పిల్ల నెలలకు నెలలు బడి తప్పుతది. కొందరికి చూపు ఆనదు, బోర్డు మీద ఏమున్నదో తెల్వదు. కొందరికి చెవి కారుతుంటది, ‘ప’కు ‘బ’కు తేడా సరిగ వినబడదు. ఇంకొకటి మన తెలంగాణ సంగతి. ఇంట్ల ‘అచ్చిండు’ అనే పిల్లకు పుస్తకంల ‘వచ్చాడు’ అని ఉంటది. ఆ పిల్ల దాన్ని చూసి ‘అచ్చిండు’ అని చదివితే తప్పు అని చెవి మెలిపెడ్తరు. నా లెక్కల ఆ పిల్ల చదివింది! అర్థం పట్టుకొని తన నోటి మాటలకు తెచ్చుకున్నది. అది లోపం కానే కాదు.

ఇవన్నీ సరిచేసినంక కూడా కొందరు పిల్లలు మిగుల్తరు. బడి తప్పరు. కండ్లు బాగున్నయి, చెవులు బాగున్నయి. మాట చురుకు, లెక్క చురుకు, సెల్‌ఫోన్ ఇప్పి మళ్ల బిగిస్తడు. కాని అక్షరం ముందర పెడితే ఆగిపోతడు. నిన్న వచ్చిన అక్షరం ఇయ్యాల రాదు. దీనికి డిస్లెక్సియా అని పేరు. మనం నోటితోని పలికే శబ్దానికీ, కాగితం మీద ఉన్న గుర్తుకూ మెదడు ముడి వేసే పని కొందరిలో ఆలస్యంగా, కష్టంగా జరుగుతుంది. తెలివికీ దీనికీ సంబంధం లేదు. పుట్టుకతో వస్తది, తరచుగా ఒకే కుటుంబంల ఇద్దరు ముగ్గురికి ఉంటది. వందమంది పిల్లల్లో 5 నుంచి 10 మంది దాకా ఉంటరని పరిశోధకుల అంచనా.

ఇది ఈ మధ్య పుట్టించిన ముచ్చట కాదు. 1887లో బెర్లిన్ అనే జర్మన్ కంటి డాక్టరు ఈ పేరు పెట్టిండు. ఆయన చూసింది జబ్బు చేసి చదివే శక్తి పోయిన పెద్దలను. 1896లో ఇంగ్లండులో మోర్గాన్ అనే డాక్టరు 14 ఏండ్ల పిలగాని గురించి వైద్య పత్రికలో రాసిండు. పిలగాడు ఆటల్లో, లెక్కల్లో ఎవరికీ తీసిపోడు. ఏండ్ల తరబడి చెప్పినా చిన్న చిన్న మాటలు కూడా చదవలేడు. పాఠమంతా నోటితోనే చెప్పి నోటితోనే అడిగితే బడి మొత్తంల వీడే మొదటివాడయితడని వాని పంతులు చెప్పిండట. ఆ పిలగాడు చదువుకున్నోళ్ల ఇంట పుట్టిండు కాబట్టి డాక్టరు దాక పోయిండు. అదే 1896ల మన నిజాం ఇలాకాల మాల, మాదిగ పిలగాడు చదవగలడా లేడా అని చూసేటందుకు వాన్ని బడిల కూసోబెట్టిందెవరు? హైదరాబాదు ఇసామియా బజారుల భాగ్యరెడ్డివర్మ మన పిల్లలకు బడి పెట్టింది 1910ల.

ఇయ్యాల కూడ తేడా అక్కడ్నే ఉన్నది. 2007లో ‘తారే జమీన్ పర్’ అని హిందీ సినిమా వచ్చింది, చూసిన్రు. ఆ పిలగాన్ని గుర్తుపట్టే సారు ఒకడు దొరికిండు, కథ సుఖాంతమైంది. బంజారాహిల్స్‌ల ఆ కష్టానికి పేరుంటది, గంటకు ఇంత అని తీసుకునే ప్రత్యేక టీచరుంటది, పరీక్షల రాయితీ ఉంటది. మాదిగవాడల అదే కష్టానికి పేరు ‘మొద్దు’. లోపల్లోపల ఇంకో మాట కూడ ఉంటది: ‘వాళ్లకు చదువెక్కడిది?’ పుట్టుకను బట్టి తెలివిని కొలిచే పాత మనువు తీర్పే అది. పరీక్ష చెయ్యకుండ, సాక్ష్యం లేకుండ చెప్పే తీర్పు.

దీనికి ఎదురు ప్రమాదం కూడ ఉన్నది, కార్యకర్తలు జాగ్రత్తగ వినాలె. చదవని ప్రతి పిల్లకూ డిస్లెక్సియా అని చీటీ అంటిస్తే సర్కారు నెత్తి మీద బరువు దిగుతది. సార్లను ఇయ్యకుండ, చదువు చెప్పకుండ, తప్పంతా పిల్ల మెదడు మీదికి తోసేయొచ్చు. కాబట్టి వరుస మరువొద్దు. కండ్లు, చెవులు చూపియ్యాలె. కొన్ని వారాలు పట్టుబట్టి సరైన తీరుల నేర్పాలె. అప్పటికీ రాకపోతే అప్పుడు నిపుణులతోని పరీక్ష అడగాలె.

సరైన తీరు అంటే ఏంది? మన తెలుగు లిపి సంగతి చూడుండ్రి. ‘మ’, ‘య’ దగ్గర దగ్గర ఉంటయి. ‘ప’, ‘ఫ’, ‘ష’ ఒక్క గీత తేడా. ‘ద’, ‘ధ’, ‘థ’ సంగతి చెప్పే పనే లేదు. ‘కై’ రాస్తే గుర్తు ఒక ముక్క పైన, ఒక ముక్క కింద. ‘స్త్రీ’ అంటే ‘స’ కింద ‘త’, ‘ర’, పైన దీర్ఘం. అన్నీ ఒక్క చోట ఏరుకొని ఒక్క పలుకు చెయ్యాలె. కాని తెలుగుకు ఒక మేలుంది, రాసినట్లే పలుకుతం. అందుకే మన పిల్లలు తప్పులు తక్కువ చేసి కూడా మహా నిదానంగ చదువుతరు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతరు. ఆ నిదానమే గుర్తు. దాన్ని బద్ధకం అనుకొని కొట్టొద్దు.

మా సాయంత్రం బడిల ఇట్ల చేస్తున్నం. మొదలు చెవితోని. ‘మామిడి’ అంటే చప్పట్లు ఎన్ని? మూడు. ‘మా’ తీసేస్తే మిగిలిందేంది? ‘మిడి’. కాగితం అక్కర్లేదు, చాట ముందర కూర్చొని తల్లి కూడ అడగొచ్చు. తర్వాత అక్షరాలు, వారానికి నాలుగో అయిదో. ఓనమాలన్నీ ఒక్క ఊపున అప్పజెప్పిచ్చుడు లేదు. పోలిక ఉన్న అక్షరాలు ఒక్కరోజు చెప్పొద్దు; ‘మ’ గట్టిపడ్డంకనే ‘య’. పళ్లెంల ఇసుక పోసి, వేలుతోని దిద్దుకుంట పైకి పలకాలె. కన్ను, చెవి, చెయ్యి మూడూ ఒక్కసారి పనిచెయ్యాలె. అమెరికాల 1930లలో ఓర్టన్ అనే డాక్టరు, గిల్లింగ్‌హామ్ అనే టీచరమ్మ ఈ దారిని పద్ధతిగ అల్లిన్రు. పట్నంల పైసలు పోసి కొనేది చాలావరకు ఇదే. ఇసుకల దిద్దుడు మన దేశపు వీధిబడిల కూడ ఉండేది. ఆ అరుగు మీదికి మన తాతలను రానియ్యలేదు, అంతే.

గుణింతం ఒక్కొక్క గుర్తుగ చెప్తం. గుడి వచ్చినంకనే కొమ్ము. వత్తులు ఆఖరుకు. రోజుకు అర్ధగంట, ఇద్దరు ముగ్గురి కంటే ఎక్కువ వద్దు, నిన్నటి పాఠంతోనే మొదలు. పిల్ల నోటి మాటనే పాఠం చేస్తం. ‘మా అవ్వ బీడీలు చేస్తది’ అని ఒకామె చెప్తే అదే రాసి అదే చదివిస్తం. ఏడో తరగతి పిలగాడు ఒకడు, పేరు చెప్పను, వాళ్ల నాయిన పంపిన మెసేజి నాలుగు నెలలకు తానే చదువుకున్నడు. ఇప్పటికీ నిదానమే. సోషల్ పాఠం ఇంకొకరు చదివి వినిపిస్తరు, వాడు నోటితో జవాబు చెప్తడు. చదువుడు వచ్చేదాక తెలివిని పస్తుల ఉంచుడెందుకు?

వందసార్లు రాయించుడు, తరగతి ముందర నిలబెట్టి చదివించుడు మాత్రం బంద్ చెయ్యాలె. పిల్ల బడికి రాకుండ చేసేది ఆ నవ్వే.

ఇంగ్లీషు సంగతి అడిగిన్రు. 2022-23 నుంచి సర్కారు బడులల్ల ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంగ్లీషుల రాత ఒకటి, పలుకు ఒకటి. ఈ పిల్లలకు అది ఇంకా బరువు. దాన్ని సాకు చేసి ‘మీకు ఇంగ్లీషు ఎందుకు’ అనేటోళ్లకు మనం లొంగేది లేదు. పిల్లకు నోటి ఇంగ్లీషు మొదటి నుంచీ ఇయ్యండి, చదివే ఇంగ్లీషుకు ఎక్కువ టైము ఇయ్యండి అని అడగాలె.

ఇగ చట్టం. 1995 వికలాంగుల చట్టంల ఏడు రకాలే ఉండె, ఇది లేకుండె. 2016 చట్టం 21 రకాలను గుర్తించింది, అందులో చదివే రాసే ఇబ్బంది ఒకటి. ఈ ఇబ్బందిని చిన్నప్పుడే కనిపెట్టి తగిన బోధన చెయ్యాలని అదే చట్టం 16వ సెక్షన్ బడులకు చెప్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో చూడాల్సిన 30 సమస్యల్లో కూడ ఇది ఉన్నది. వైకల్య సర్టిఫికెట్ ఉన్న విద్యార్థికి పరీక్షల గంటకు కనీసం 20 నిమిషాలు ఎక్కువ ఇయ్యాలని 2018 కేంద్ర మార్గదర్శకాలు చెప్పినయి. సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలున్నయి. నడవలేని పిల్లలకే అది అని మనోళ్లు అనుకుంటున్నరు. అక్షరం దగ్గర ఆగే పిల్లల పేర్లు కూడ అక్కడ రాయించాలె. 2022 ‘తొలిమెట్టు’ ఒకటి నుంచి ఐదు తరగతుల దాకనే. ఆరు దాటి చదవలేని పిల్లను ఎవరు చూడాలో అది చెప్పదు. మనం అడగాల్సింది ఆ ఖాళీ గురించే.

ఈ ఆదివారం పొద్దున పిల్లలను తోలుకొని వాడలోని అంబేద్కర్ బొమ్మ దగ్గరికి రండి. పిల్ల పుట్టిన తేదీ, తరగతి, ఏ అక్షరాల కాడ ఆగుతుందో కాగితం మీద రాసుకొని రండి. రాయరానోళ్లకు మేం రాస్తం. మండల విద్యాధికారికి దరఖాస్తు రెండు కాపీలు, ఒక దాని మీద ముద్ర వేయించుకోవాలె. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద ఇంకో కాగితం పెడదాం, దానికి గడువు 30 రోజులు. అప్పటిదాక సాయంత్రం బడి నడుస్తనే ఉంటది. ఇసుక పళ్లేలు ఇంకో నాలుగు కావాలె, ఇంట్ల పాతవి ఉంటే తీసుకురండి.