కంట్లో కారం పడితే

గుంటూరు వాళ్ల ముందు మిరపకాయ గురించి మాట్లాడడమంటే తల్లి పుట్టిల్లు మేనమామ దగ్గర పొగిడినట్టే. మిర్చి యార్డులో టిక్కీ బస్తాలు మోసేవాళ్లు, తొడిమలు తీసేవాళ్లు, ఎండాకాలంలో ఏడాదికి సరిపడా కారం పట్టించుకునేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. ఘాటు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పేదేముంది? నేను కంటి డాక్టర్ని. ఆ ఘాటు కంట్లోకి వెళ్లాక ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యకూడదో చెప్పి కూర్చుంటాను.

ఈమధ్య ఆడపిల్లల హ్యాండ్‌బ్యాగుల్లో పెప్పర్ స్ప్రే డబ్బా ఉంటోంది. ఉండాల్సిందే, కాదనను. కానీ అందులో ఉండేది మిరియాల పొడి కాదు, మిరపకాయ నుంచి తీసిన జిడ్డు సారం. మిరపకి కారాన్నిచ్చే క్యాప్సైసిన్ అందులో దట్టంగా ఉంటుంది. మన నరాల కొసల మీద వేడిని పసిగట్టే ప్రోటీను ఒకటుంది, టీఆర్‌పీవీ1 అంటారు. సుమారు 43 డిగ్రీల వేడి తగిలితే అది ‘కాలుతోంది’ అని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ తగిలినా అదే కబురు వెళుతుంది. 1997లో దీన్ని పట్టుకున్న డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ బహుమతి వచ్చింది, మరో శాస్త్రవేత్తతో కలిపి. అంటే మంట నిజమే గానీ, నిప్పు తగిలినట్టు ఒళ్లు కాలిపోవడం లేదు. ఇంకో సంగతి. క్యాప్సైసిన్ అంటుకున్నాక ఆ నరాలు చిన్న వేడికే ఉలిక్కిపడతాయి. అప్పుడు గోరువెచ్చని నీళ్లు పోసినా సలసల కాగే నీళ్లు పోసినట్టే ఉంటుంది. అందుకే చన్నీళ్లు.

ఇక మన ఇళ్లల్లో గందరగోళం ఎక్కడొస్తుందంటే, నోటికి పనికొచ్చిన చిట్కాని కంటికి కూడా వాడేస్తాం. నోరు మండితే పాలు తాగుతాం, పెరుగన్నం తింటాం. అది మంచి పనే. క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పైగా పాలల్లోని కేసీన్ దాన్ని పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది. చేతుల విషయంలోనూ మన అమ్మల చిట్కా తప్పేం కాదు. రోజంతా మిరపకాయల తొడిమలు తీసినావిడ రాత్రి చేతులకి నూనె రాసుకుంటుంది. 1987లో న్యూమెక్సికో డాక్టర్లు సరిగ్గా ఇదే పరీక్షించారు. మిరపకాయలతో మండుతున్న చేతులని కొందరివి చన్నీళ్లలో, కొందరివి వంటనూనెలో ముంచి ఉంచారు. మొదట్లో నీళ్లకే హాయిగా ఉంది గానీ, పోనుపోను నూనె పెట్టుకున్నవాళ్లకే మంట బాగా తగ్గింది. కాకపోతే నూనె రాసుకుని అలాగే పడుకోకూడదు. కారం నూనెలోకి దిగుతుంది, ఆ నూనె చేతిమీదే ఉంటుంది, అర్ధరాత్రి పసిబిడ్డ ఏడిస్తే అదే చెయ్యి బిడ్డ కంటికి తగులుతుంది. నూనె రాసి, కాసేపు ఉంచి, సబ్బుతో రెండుసార్లు కడిగెయ్యాలి.

కన్ను మాత్రం వేరే సంగతి. మా ఆసుపత్రికి వచ్చేవాళ్లలో సగం బాధ కారానిది, మిగతా సగం ఇంట్లో చేసిన వైద్యానిది. కంట్లో ఆముదం వేస్తారు. చనుబాలు పిండుతారు. ప్యాకెట్ పాలు పోస్తారు. పన్నీరు, ఉల్లిపాయ రసం, ఆఖరికి నిమ్మరసం కూడా! అమ్మా, చనుబాలు బిడ్డ నోటికి అమృతమే, నేనేమీ కాదనడం లేదు. కానీ కంట్లో పోసే పదార్థం ఏదైనా సూక్ష్మజీవులు లేనిదై ఉండాలి. నలిపి నలిపి నల్లగుడ్డు మీది పొర గీరుకుపోయిన కంట్లో పాలు పోస్తే, పుండు పట్టడానికి మనమే దారి తీసినట్టు.

ఆ గీత ఎలా ఉంటుందో చెబుతాను. కంట్లో ఫ్లోరెసిన్ అనే రంగు చుక్క వేసి నీలం వెలుగు పెట్టి చూస్తాం. బాగున్న చోట ఏమీ కనబడదు. పొర లేచిపోయిన చోట మాత్రం పచ్చగా మెరుస్తుంది, పిల్లి గీకిన గీతలా. చాలాసార్లు అది స్ప్రే చేసిన పని కాదు, మన వేళ్లు చేసిన పని. మంట పుట్టగానే చెయ్యి కంటికి పోతుంది. ఆ చేతిమీద కూడా కారం ఉంటుందని అప్పుడు గుర్తురాదు.

మరి ఏం చెయ్యాలి? నీళ్లు. ఇంతేనా అని నిరాశపడకండి. 2008లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధన ఉంది. పోలీసు శిక్షణలో ముఖాన స్ప్రే కొట్టించుకున్న 49 మందిలో కొందరికి కడుపుమంటకి తాగే తెల్లటి యాంటాసిడ్ మందు, కొందరికి మత్తు జెల్, కొందరికి పిల్లల షాంపూ, కొందరికి పాలు, కొందరికి మామూలు నీళ్లు ఇచ్చారు. గంటపాటు నొప్పి ఎంతుందో అడుగుతూ పోయారు. ఏ మందూ నీళ్లని గెలవలేదు. నొప్పిని తగ్గించింది గడిచిన సమయమే. మామూలుగా అరగంట, ముప్పావుగంటలో కళ్లు తెరుచుకుంటాయి. చర్మం మీద మంట ఇంకొన్ని గంటలు ఉండొచ్చు.

కడిగే పద్ధతిలో మెలకువ ఉంది. ముందు గాలి ఆడే చోటికి రండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే శుభ్రమైన చేత్తో తీసి పారెయ్యండి, మళ్లీ వాడొద్దు. తల పక్కకి వంచి, మండే కన్ను కిందికి ఉండేలా పెట్టి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి చన్నీళ్లు ధారగా పోయించుకోండి. పావుగంట. రెప్పలు కొడుతూనే ఉండండి, కన్నీళ్లు కూడా కడిగే నీళ్లే. ఆ తరవాత కళ్లు మూసుకుని ముఖానికి పిల్లల షాంపూ రాసి కడగండి, జిడ్డు వదులుతుంది. తలమీంచి స్నానం చెయ్యొద్దు, జుట్టులోని కారమంతా ఒంటిమీదికి దిగుతుంది. తలమీంచి లాగే టీషర్టయితే కత్తిరించెయ్యండి. రెండొందల చొక్కాకి చూసుకుంటే కళ్లు మళ్లీ మండుతాయి. ఎవరైనా కళ్లల్లో పొడి కారం కొడితే మాత్రం ముందు ముఖం మీది పొడి దులిపి, ఆ తరవాత నీళ్లు.

గది లోపల స్ప్రే కొడితే కొట్టినవాడికీ తప్పదు. 2014 ఫిబ్రవరి 13న, రాష్ట్ర విభజన గొడవలో, లోక్‌సభలో ఒక ఎంపీ పెప్పర్ స్ప్రే కొడితే ఏం జరిగిందో ఈ ప్రాంతం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. సభంతా దగ్గుతూ బయటికి పరిగెత్తింది, కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. రాజకీయం పక్కన పెడదాం. ఏసీ హాల్లో, లిఫ్టులో, కారులో ఆ డబ్బా నొక్కితే కళ్లకంటే ముందు ఊపిరికే ప్రమాదం. ఉబ్బసం ఉన్నవాళ్లకి పిల్లికూతలు మొదలైతే కళ్లు కడుగుతూ కూర్చోవద్దు, ఇన్‌హేలర్ పీల్చి తిన్నగా ఆసుపత్రికి వెళ్లాలి.

కంటికి ఎప్పుడు రావాలంటే, బాగా కడిగిన గంట తరవాత కూడా నొప్పి తగ్గకపోయినా, చూపు మసకబారినా, వెలుతురు చూడలేకపోయినా, మరీ దగ్గర్నుంచి స్ప్రే కొట్టినా రండి. ఆ ధార వేగానికే కన్ను దెబ్బతినొచ్చు.

మేం ముందు ఒక మత్తు చుక్క వేస్తాం. క్షణాల్లో మంట మాయమై కన్ను తెరుచుకుంటుంది. అది చూసి చాలామంది ‘డాక్టరుగారూ, ఆ సీసా ఒకటి ఇంటికివ్వండి’ అంటారు. ఇవ్వం. మాటిమాటికీ వేస్తే అదే మందు నల్లగుడ్డు పైపొరని మాననివ్వదు. మెడికల్ షాపులో చీటీ లేకుండా ఏ చుక్కలూ కొనకండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.