పదవిని వదిలి పోటీకి దిగిన మనిషి



పట్టాలు అందుకున్న బిడ్డలారా, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పల్లెల నుంచి వచ్చారు మీరు. మీలో చాలామంది నాగార్జునసాగర్ ఎడమ కాల్వ నీళ్లతో పెరిగిన పిల్లలు. ఇవాళ మీకు వరాహగిరి వెంకటగిరి గారి ముచ్చట చెప్పాలని వచ్చాను.

1894లో బరంపురంలో, తెలుగింట పుట్టారాయన. లా చదవడానికి 1913లో డబ్లిన్ వెళ్లి, అక్కడి స్వాతంత్ర్యవాదులతో కలిశారు. దాంతో 1916లో ఆయన్ను ఆ దేశం విడిచి పొమ్మన్నారు. తిరిగొచ్చి వకీలయ్యారు గానీ, మనసంతా రైల్వే కార్మికుల మీదే.

1952లో కేంద్ర కార్మిక మంత్రి. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసరికి, 1954లో రాజీనామా చేసి బయటికొచ్చారు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. గవర్నర్ పదవులు ఆ తర్వాతే వచ్చాయి: ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు.

1967లో ఉపరాష్ట్రపతి. 1969 మేలో జాకిర్ హుస్సేన్ గారు కన్నుమూయడంతో తాత్కాలిక రాష్ట్రపతి. జులై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ మీద సంతకం పెట్టి, మర్నాడే రెండు బాధ్యతలూ వదిలేశారు. చేతిలో ఏ పదవీ లేకుండా, ఏ పార్టీ టికెట్టూ లేకుండా రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. ఎదురుగా కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు, సాగర్ డ్యాం కడుతున్న రోజుల్లో మన ముఖ్యమంత్రి. తెలుగువాడి మీద తెలుగువాడు.

గెలవాలంటే 4,18,169 ఓట్ల విలువ రావాలి. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515. గీత దాటలేదు. మూడో స్థానంలో ఉన్న దేశ్‌ముఖ్ గారి బ్యాలెట్లలో రెండో ప్రాధాన్యం ఎవరికిచ్చారో చూడాల్సి వచ్చింది. అన్నీ కలిపితే 4,20,077. కావలసినదానికి 1,908 మాత్రమే ఎక్కువ!

ఆ గెలుపు కన్నా నాకు 1954 నాటి రాజీనామాయే గొప్పది. అప్పుడు ముందు ఏ పదవీ కనపడటం లేదు. వెనక ఉన్నది ఉద్యోగుల జీతాల మాటే.

మీలో కొందరు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో చేరతారు. మొదటి రోజు ఆఫీసు గదిలోకి వెళ్లేముందు, బస్తాలు మోసే హమాలీల దగ్గర కాసేపు ఆగండి. వాళ్ల కూలి ఎంతో అడిగి తెలుసుకోండి.