శత్రువు కొలువు నుంచి వచ్చిన లెక్క



పొద్దున్నే మన పూల మార్కెట్ మీదుగా వచ్చాను. ఒకమ్మ దండ కడుతోంది. అటు కొసన ఒక ఎర్ర గులాబీ, ఇటు కొసన ఒకటి, నడుమ అన్నీ తెల్ల చామంతులే. ఏ కొస పట్టుకు చూసినా ఒకటే దండ.

ఇప్పుడు 142857143ని 7తో హెచ్చవేయండి. 1000000001 వస్తుంది. రెండు కొసలా ఒకట్లు, నడుమ ఎనిమిది సున్నలు. అచ్చం ఆ దండే! 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇలాంటి లెక్కలు కూర్చి, వాటిని కంఠహారాలతో పోల్చాడు. ఆయన రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంవాడు.

ఆ రాష్ట్రకూటులకూ మన వేంగి చాళుక్యులకూ తరాల తరబడి యుద్ధాలే. రాజమహేంద్రవరం వైపు నుంచి రైల్లో ద్వారపూడి, అనపర్తి దాటితే బిక్కవోలు వస్తుంది. అమోఘవర్షుడి కాలంలోనే వేంగిని ఏలిన గుణగ విజయాదిత్యుడి బిరుదు మీద ఆ ఊరికి పేరొచ్చిందంటారు. వరిచేల మధ్య నిలబడ్డ అక్కడి చాళుక్య గుళ్ళను చూడండి. కత్తులు దూసుకున్న కాలంలోనే ఉలులు కూడా పనిచేశాయి.

అసలు నన్ను కదిలించే సంగతి వేరే ఉంది. శత్రువు కొలువులో పుట్టిన ఆ లెక్కల పుస్తకాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన 11వ శతాబ్దివాడంటారు. మూలకర్త జైనుడు, మల్లన శివభక్తుడు. జినుణ్ణి తలిచిన చోట శివుణ్ణి తలిచాడు, ఉదాహరణలు మార్చుకున్నాడు, లెక్కను మాత్రం చెడనివ్వలేదు. ఎవరి దగ్గర పుట్టిందని చూడలేదు, మనవాళ్ళకు పనికొస్తుందా అని చూశాడు. పద్యంలో ఎందుకు రాశాడంటే, నోటికొచ్చిన పద్యం పొలం గట్టు మీద కూడా గుర్తుంటుంది.

ఆ శతాబ్దిలోనే రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి అండన నన్నయ భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టాడు. ఆ కథ మీకందరికీ తెలుసు. నేను ఆగేది 1053 నాటి నందంపూడి శాసనం దగ్గర. రాజు నారాయణభట్టుకు ఊరిని దానమిచ్చిన రాగిరేకులవి, రచన నన్నయదే. భారతరచనలో తనకు తోడు నిలిచిన ఆ మిత్రుణ్ణి సంస్కృతం, కన్నడం, ప్రాకృతం, పైశాచి, తెలుగు తెలిసిన కవిగా అందులో పొగిడాడు. ఆ వరసలో కన్నడం చూశారా? రాష్ట్రకూటుల నేల మాట్లాడిన భాష. దాన్ని గోదావరి ఒడ్డున గౌరవంగా చెప్పుకున్నారు. వేంగిలో విద్య పండింది ఆ తీరున, ఆ మనసుతో.

పిల్లలూ, ఇంకో హారం ఉంది. 12345679ని 9తో హెచ్చవేయాలి. ఎనిమిది లేదు, గమనించండి. కాగితం మీద మీ చేత్తో వేసి, రేపు మీ మాస్టారికి చూపించండి.