అసలు పతకము, నకలు పతకము



ఓరుగల్లు సీమలోని పాత యిండ్లలో, పెట్టెల అడుగున, తాతముత్తాతలు యుద్ధమునుండి తెచ్చిన పతకములు కొన్ని నేటికిని ఉండవచ్చును. 1914లో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైనప్పుడు ఓరుగల్లు నైజాము రాజ్యములో చేరియుండెను. ఆ రాజ్యపు అశ్వదళమైన హైదరాబాదు లాన్సర్లు సూయెజు కాలువ కడను, పాలస్తీనాలోను పనిచేసిరి. ఢిల్లీలోని తీన్‌మూర్తి స్మారకమునందలి మూడు కంచు విగ్రహములు హైదరాబాదు, మైసూరు, జోధపూరు అశ్వదళములకు గుర్తులు.

పాలస్తీనాలో తురుష్కులకు తోడుగా జర్మనులును పోరాడిరి. కావున తిరిగివచ్చిన సిపాయి మూటలో శత్రువు పతకముండుట అసంభవము కాదు. ఈ మాటనే ఆధారము చేసికొని కొందరు నకలు పతకములను అమ్ముచున్నారు. "మా తాత జర్మనుని రొమ్ముమీదనుండి తీసినది" అని కథ చెప్పుదురు. మనము కథకు వెల కట్టరాదు, వస్తువును పరీక్షింపవలెను.

జర్మనుల పతకములలో ప్రసిద్ధమైనది ఇనుప సిలువ. దానిని 1813లో ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విల్హెల్ము స్థాపించెను. 1914 నాటి సిలువపై ఒక ప్రక్క కిరీటము, 'డబ్ల్యు' అక్షరము, 1914 అను అంకెయు ఉండును. నల్లరంగు పూసిన ఇనుప బిళ్ళను వెండి చట్రముల నడుమ నిలిపి అంచున అతికించుట దాని నిర్మాణము. అంచును వెలుగున కెదురుగా త్రిప్పిచూచిన సన్నని అతుకుగీత కనబడును. నాసి నకలు ఒకే అచ్చులో పోసిన ముద్ద. దానికి అతుకుండదు, చట్రపు గాట్లు మొద్దువారియుండును. అయస్కాంతమును ఆనించినచో ఇనుము అంటుకొనును. అయినను ఇనుముతో చేసిన నకలులును కలవు గనుక ఈ పరీక్ష యొక్కటే చాలదు. 1939 అంకె యుండి స్వస్తికము లేని సిలువలు 1957 నాటి జర్మను చట్టము ననుసరించి మార్చినవి; అవి యుద్ధకాలమున ఇచ్చినవి కావు.

మన సిపాయిల పతకముల పరీక్ష వేరు. బ్రిటిషు యుద్ధ పతకము 1919లో ఏర్పడినది. అది గుండ్రని వెండిబిళ్ళ. ఒక ప్రక్క ఐదవ జార్జి తల, రెండవ ప్రక్క గుఱ్ఱమెక్కిన పురుషుడు, 1914, 1918 అను అంకెలు. దాని ప్రాణము అంచున నున్నది. సిపాయి సంఖ్య, హోదా, పేరు, దళము అక్కడ ఇంగ్లీషు అక్షరములతో అచ్చొత్తబడియుండును. పేరు రాకి మరియొకటి చెక్కినచో అంచు ఆ చోట పలుచబడును. వేలితో తడిమినను తెలియును. కూలిదళముల వారికి ఇదే పతకమును కంచుతో నిచ్చిరి. కావున వెండి కాదని దానిని నకిలీగా త్రోసివేయరాదు.

ఇనుప సిలువ అసలుదే యైనను, దానిని ధరించినవాడెవడో సాధారణముగా దానిపై నుండదు. మన పతకము మన మనిషి పేరు చెప్పును. అట్లుండగా, జర్మను సిలువకు వేల రూపాయలు పోసి, తమ తాత పతకమును తులముల లెక్కన కంసాలికిచ్చిన కుటుంబము నొకదానిని నేనెరుగుదును. ఒరపిడిరాయి వెండిని చెప్పును గాని, ఆ వెండి ఎవరిదో చెప్పదు. మూసలో కరిగిన పేరును తిరిగి చదువుట ఎవరి తరము?

కాబట్టి పెద్దలకు నా మనవి యిది. పాత పతకమును చింతపండుతోను బూడిదతోను తోమకుడు, అక్షరములు అరిగిపోవును. పట్టీ చిరిగినను పారవేయకుడు. ఇంగ్లీషు చదివిన పిల్లవానిని పిలిచి, అంచునందలి అక్షరములను ఉన్నవి ఉన్నట్లు కాగితముపై వ్రాయించుడు. దాని క్రింద ఆ సిపాయిని గూర్చి మీకు తెలిసిన నాలుగు మాటలును చేర్చి, పతకముతోపాటు భద్రపరచుడు. అమ్మదలచినను, ఆ పని ముగిసిన పిమ్మటనే అమ్ముడు.