రాకెట్టు రెక్కకి ఎంత జిగురు?



దీపావళికి తారాజువ్వలు కాల్చినవాళ్ళకి వాటి పుల్ల గుర్తుండే ఉంటుంది. పుల్ల విరిగిన జువ్వ పైకి పోదు, ఎవరి మీదికో దూసుకెళుతుంది. మోడల్ రాకెట్టులో ఆ పుల్ల చేసే పని రెక్కలు చేస్తాయి. ఇక్కడివాళ్ళు ఫిన్లు అంటారు. వాటిని అతికించే ఎపాక్సీ గురించి ఇవాళ నాలుగు మాటలు చెబుతాను. జిగురు గురించి ప్రసంగమా అని నవ్వుకోకండి. ఆరో తరగతికి వచ్చిన పిల్లలు అమెరికన్ రాకెట్రీ ఛాలెంజ్ టీముల్లో చేరితే, గరాజ్‌లో వాళ్ళ పక్కన నిలబడాల్సింది మనమే. 2003లో మొదటి ఫైనల్స్ జరిగిన ఈ పోటీలో రాకెట్టు పచ్చిగుడ్డు మోసుకెళ్ళి, పగలకుండా కిందికి తేవాలి.

మన ఇళ్ళల్లో అరల్డైట్ అంటే ఒక నమ్మకం. కుక్కర్ పిడి దగ్గర్నుంచి బకెట్టు చెవి దాకా దాంతోనే అతికించాం. అది కూడా ఎపాక్సీయే. ఆ అలవాటుతో చాలామంది నాన్నలు రాకెట్టు రెక్క మొదట్లో ముద్దలు ముద్దలుగా పెట్టిస్తారు. ఎంత ఎక్కువ పెడితే అంత గట్టి అని వాళ్ళ లెక్క. ఆ లెక్క ఇక్కడ తప్పుతుంది.

ఓ చిన్న పరీక్ష చేసి చూడండి. పనికిరాని అట్టగొట్టం ముక్కకి బాల్సా చెక్క ముక్కని మామూలు పసుప్పచ్చ వుడ్ గ్లూతో అతికించి, ఒక రోజు ఆరనిచ్చి, విరవండి. జిగురు ఊడదు. గొట్టం కాయితమే పొరలుగా చిరిగి వస్తుంది, లేకపోతే బాల్సా విరుగుతుంది. కాయితమే ఓడిపోయేచోట దానికన్నా గట్టి జిగురు పెట్టి ఏం లాభం? అంచేత చిన్న రాకెట్లకి వుడ్ గ్లూ చాలు. రెండు వైపులా పల్చగా రాసి, కొంచెం ఆరనిచ్చి, మళ్ళీ రాసి అద్దితే సరి.

ఎపాక్సీ కావలసింది ఫైబర్ గ్లాసుకీ, పెద్ద మోటార్లతో ఎగిరే ప్లైవుడ్ రెక్కలకీ. ఫైబర్ గ్లాసులోకి వుడ్ గ్లూ ఇంకదు. అక్కడ కూడా బలం ముద్దలోంచి రాదు. గొట్టానికి చీలిక పెట్టి, రెక్క మొదలుని లోపలున్న మోటారు గొట్టానికి ఆనించి అతికిస్తారు. అప్పుడు మోటారు గొట్టం దగ్గర, బయటి గొట్టానికి లోపల, బయట, ఇలా మూడు చోట్ల పట్టు దొరుకుతుంది. అతికించే ముందు నిగనిగలాడే పైపొరని సాండ్ పేపర్‌తో గరుకు చేసి, ఆల్కహాల్‌తో తుడవాలి. నా ఉద్దేశంలో సగం బలం ఆ రుద్దుడులోనే ఉంది. పిల్లలు ఎగ్గొట్టేదీ దాన్నే!

ఐదు నిమిషాల ఎపాక్సీ తొందరగా పట్టుకుంటుంది కానీ వేడికి తొందరగా మెత్తబడుతుంది. మోటారు పక్కన నిదానంగా గట్టిపడే రకమే మంచిది. రెండు పాళ్ళూ డబ్బా మీద రాసినట్టే కలపాలి. హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే త్వరగా ఆరుతుందనుకోవడం పొరపాటు, అతుకు బలహీనపడుతుంది. ఒకేసారి కప్పునిండా కలిపితే చేతిలోనే వేడెక్కిపోతుంది. గొట్టాన్ని పడుకోబెట్టి, రెండు రెక్కల మధ్య సందు పైకి ఉండేట్టు పెడితే, మూలల్లో పోసిన ఎపాక్సీ తనంతట తానే నున్నగా సర్దుకుంటుంది. అది గట్టిపడ్డాకే గొట్టాన్ని తిప్పాలి.

గ్లవ్స్ విషయంలో మొహమాటం వద్దు. గట్టిపడని ఎపాక్సీ చర్మానికి మాటిమాటికీ తగిలితే కొందరికి ఎలర్జీ పట్టుకుంటుంది. ఒకసారి వచ్చిందంటే ఇక జన్మంతా ఉండొచ్చు. ఆరినదాన్ని రుద్దేటప్పుడు ముక్కుకి మాస్కు ఉండాలి.

ఇక అసలు ప్రమాదం బరువు. రాకెట్టు తిన్నగా పోవాలంటే దాని బరువుకేంద్రం గాలి ఒత్తిడికేంద్రం కన్నా ముక్కువైపు, కనీసం గొట్టం అడ్డుకొలత అంత దూరంలో ఉండాలి. తోక దగ్గర పెట్టిన ప్రతి చుక్కా బరువుకేంద్రాన్ని వెనక్కి లాగుతుంది. ముద్దలు పెట్టిన రాకెట్టు ఊడకపోవచ్చు, కానీ గాల్లో గిరికీలు కొట్టి జనం మీదికి తిరగొచ్చు. సరిచేద్దామని ముక్కులో మట్టి కూరితే మొత్తం బరువు పెరిగి, ఆ మోటారు చాలదు.

అంచేత ఎపాక్సీ ఆరాక, మోటారూ పారాచూటూ గుడ్డూ అన్నీ పెట్టి, స్కేలు అంచు మీద రాకెట్టుని నిలబెట్టి బరువుకేంద్రం ఎక్కడుందో పిల్లలచేతే గుర్తు పెట్టించండి. ఒత్తిడికేంద్రం ఎక్కడుందో కంప్యూటర్లో ఓపెన్‌రాకెట్ అనే ఉచిత ప్రోగ్రాం చెబుతుంది. రెంటికీ మధ్య దూరం చాలకపోతే ఆ రోజు ఎగరెయ్యకండి. చాలితే, డి మోటారు వరకూ పదిహేను అడుగులు, అంతకు మించితే ముప్పై అడుగులు దూరంగా నిలబడి మీట నొక్కనివ్వండి.

ఉంటానండీ, సెలవు.